పెరట్లోకి పిట్టలు రావాలంటే: మన నేల మొక్కలతో ఏడాది పని

పెరట్లో పిట్టలు తిరగాలని కోరుకునేవారిలో చాలామంది మొట్టమొదట ఒక ప్లాస్టిక్ గింజల డబ్బా కొని తెచ్చి బాల్కనీకి కడతారు. వారం తిరిగేసరికి దాని మీద పావురాలు తప్ప మరేవీ వాలవు, కింద నేలంతా రెట్ట అవుతుంది, ఇంట్లోవాళ్ళు విసుక్కుంటారు, చివరికి డబ్బా అటక ఎక్కుతుంది. ఇందులో గింజల తప్పేమీ లేదు. మన ఇళ్ళ చుట్టూ తిరిగే పిట్టల్లో చాలావాటికి గింజలతో పని తక్కువ. పిగిలిపిట్టకు పండు కావాలి, తేనెపిట్టకు పూలలోని తేనె కావాలి, ఆకులను కుట్టి గూడు కట్టుకునే కుట్టుపిట్టకూ, తోక ఎత్తి నేలమీద గెంతే నల్లంచికీ పురుగులు కావాలి. గింజలు తిని బతికే ఊరపిచ్చుక కూడా కళ్ళు తెరవని తన పిల్లల నోట్లో మొదట పెట్టేది మెత్తని పురుగునే. కాబట్టి పిట్టల కోసం పెరడు సిద్ధం చేయడమంటే ముందు పురుగుల కోసం సిద్ధం చేయడమే. ఆకు తినే పురుగుల్లో ఎక్కువ వాటికి తరతరాలుగా అలవాటైన కొన్ని మొక్కల ఆకులే సరిపడతాయి గనుక, మన నేలలో పుట్టి పెరిగిన మొక్కలు లేని పెరడు ఎంత పచ్చగా కనిపించినా పిట్టకు ఖాళీ కంచమే.

ఇక్కడ చెప్పబోయే పనులను ఐదు సెంట్ల, అంటే 242 గజాల ఇంటిస్థలంలో ఇల్లు పోగా మిగిలిన పెరటిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. స్థలం ఇంతకంటే తక్కువైతే చెట్టు మాట వదిలిపెట్టి పొదలు, తీగలు, నీళ్ళ మూకుడు వరకే చేయండి, ఫలితం ఉంటుంది.

ముందు చూడండి, తర్వాత తవ్వండి

ఏప్రిల్ నెలలో పది రోజులపాటు ఉదయం ఆరు నుంచి ఏడు వరకు పెరట్లో ఒకచోట కదలకుండా కూర్చోండి. ఏ పిట్ట ఎటునుంచి వస్తోంది, పక్కింటి ఏ చెట్టు మీద ఎక్కువసేపు ఉంటోంది, మధ్యాహ్నపు ఎండ ఏ మూలకు పడుతోంది, పిల్లి ఏ గోడ మీదుగా నడుస్తోంది అన్నవి ఒక కాగితం మీద రాసుకోండి. నాటవలసిన వాటి జాబితా సగం అక్కడే తయారవుతుంది. పక్క వీధిలో నేరేడు ఉంటే మీరు మళ్ళీ నేరేడు నాటనక్కరలేదు. ఆ చెట్టుకు వచ్చిన పిట్ట దాక్కోవడానికి, గూడు కట్టుకోవడానికి మీ పెరట్లో ముళ్ళపొద ఉంటే చాలు.

ఈ పది రోజుల్లోనే ఇప్పటికే ఉన్న మొక్కల విలువ కట్టండి. కోనోకార్పస్ వరస ఉంటే క్రమంగా తీసివేయడం మంచిది. అది త్వరగా పెరిగి పచ్చగా కనబడుతుందే గాని, దాని ఆకు తినే పురుగు గాని, దాని కాయ కోరే పిట్ట గాని మన దగ్గర పెద్దగా లేవు. లాంటానా సంగతి కొంచెం చిక్కు. దాని నల్లని పండ్లను పిగిలిపిట్టలు ఇష్టంగానే తింటాయి, కాని తిని ఎగిరిపోయి రెట్టతోపాటు విత్తనాలను ఊరంతా చల్లుతాయి, ఆ కంప అడవి అంచుల్లో మరో మొక్కను మొలవనివ్వదు. పిట్ట తింటోంది కదా అని దానిని ఉంచవద్దు. అయితే ఒక్కసారిగా నరికివేయక, దాని స్థానంలో పెట్టిన పొద నడుమెత్తు పెరిగిన తర్వాత తీయండి, లేకుంటే అందులో ఉంటున్న పిట్టలకు నీడ పోతుంది.

కరివేపాకును ఒక కొమ్మ వదిలేయండి

కొత్త మొక్క ఏదీ నాటకముందే చేయదగిన పని ఒకటుంది, అది కరివేపాకు దగ్గర. మన ఇళ్ళలో ఈ మొక్క లేని పెరడు అరుదు, కాని దాని పండు చూసినవారు తక్కువ, ఎందుకంటే చిగురు వేసినప్పుడల్లా కూరలోకి తుంచుతూనే ఉంటాం గనుక అది పూతకు రాదు. రెండు కొమ్మలు తాళింపుకు ఉంచుకుని ఒక కొమ్మను పూర్తిగా వదిలేస్తే, అది వేసవిలో తెల్లని గుత్తులుగా పూసి, ఆకుపచ్చ నుంచి ఎరుపుకూ ఎరుపు నుంచి నలుపుకూ తిరిగే చిన్న పండ్లు కాస్తుంది. ఆ పండ్ల కోసం కోయిల, పిగిలిపిట్ట పోటీపడి వస్తాయి. కోయిల కూత ఏటా వింటున్నా దానిని దగ్గర నుంచి చూడలేదనుకునేవారు పండిన కరివేపాకు దగ్గర ఓపిగ్గా కూర్చుంటే చాలు.

అదే కొమ్మ లేత ఆకుల మీద, అచ్చం పిట్టరెట్టలా తెలుపు నలుపు మచ్చలతో ఒక చిన్న పురుగు కనబడుతుంది. కొన్ని రోజులకు అది పచ్చగా మారి వేలెడంత అవుతుంది. నిమ్మ, కరివేపాకు జాతి ఆకుల మీద బతికే పెద్ద సీతాకోకచిలుకల పిల్ల అది. మందు కొట్టవద్దు, ఏరి పారవేయవద్దు. వాటిలో కొన్ని సీతాకోకచిలుకలవుతాయి, మిగిలినవి కుట్టుపిట్ట పిల్లల కడుపులోకి పోతాయి, మొక్క మళ్ళీ చిగురిస్తుంది. ఆకు మీద చిల్లు చూసి మందు డబ్బా కోసం వెతికే చేతిని ఆపుకోవడం ఈ మొత్తం పనిలో అన్నిటికంటే కష్టమైన మెట్టు. వేపనూనె కూడా పురుగును చంపేదే కాబట్టి, సేంద్రియం కదా అని వారానికోసారి చల్లితే ఫలితం అదే.

మునగ చెట్టుకూ ఇదే మాట కొంత సవరణతో వర్తిస్తుంది. దాని పూలకు తేనెపిట్టలు వస్తాయి. దాని మొద్దు మీద గుంపుగా చేరే గొంగళిపురుగులను మనవాళ్ళు కాగడాతో కాల్చడం అలవాటు. ఆ నూగు తగిలితే దద్దుర్లు వస్తాయి గనుక పిల్లలు ఆడే చోటైతే తీయించక తప్పదు, కాని చెట్టు పెరటి చివర ఉంటే కొన్నాళ్ళు ఆగి చూడండి. నూగు పురుగులను ఇష్టంగా తినే కోకిల జాతి పిట్టలు కొన్ని ఉన్నాయి.

మేలో గోతులు, మృగశిరలో మొక్కలు

మే నెలలో గోతులు తీసి ఎండకు వదలండి. చెట్టుకైతే పొడవు, వెడల్పు, లోతు రెండేసి అడుగులు, పొదకైతే అడుగున్నర చాలు. పైమట్టి, అడుగుమట్టి వేరువేరు కుప్పలుగా పోసి, నాటేటప్పుడు పైమట్టిలో రెండు గంపల బాగా చివికిన పశువుల ఎరువు కలిపి నింపాలి. నల్లరేగడి అయితే నీరు నిలిచి వేరు కుళ్ళకుండా మొక్క మొదలు చుట్టుపక్కల నేల కంటే కాస్త ఎత్తుగా ఉండేలా చూడండి. జూన్ రెండో వారంలో మృగశిర కార్తె వచ్చి, నేల జానెడు లోతు తడిసేలా వాన పడిన తర్వాత నాటండి. తొలకరి జల్లు చూసి తొందరపడితే వాన మొహం చాటేసిన పది రోజుల్లో మొక్క వాడిపోతుంది.

మొక్కలను అటవీశాఖ నర్సరీల్లో అడగండి. బజారు నర్సరీల్లో బలుసు కావాలంటే వింతగా చూస్తారు, కాబట్టి కొన్నింటిని విత్తనాలతో మీరే పెంచుకోవలసి వస్తుంది. వేప, నేరేడు, కరివేపాకు గింజలు ఆరబెట్టి దాచితే మొలకశక్తి కోల్పోతాయి. పండు గుజ్జు కడిగి, వెంటనే మట్టి సంచుల్లో వేయాలి.

ఏమి నాటాలి

పిట్టలకు అన్నిటికంటే ఎక్కువ తిండి పెట్టే చెట్లు మర్రి, రావి, జువ్వి, మేడి. పండిన మర్రి మీద ఒక్క ఉదయంలో కనబడే పిట్టలు మన పెరటికి ఏడాది మొత్తంలో రావు. అయినా ఐదు సెంట్లలో వాటిని నాటమని నేను చెప్పను; వాటి వేళ్ళు పునాదిని, ప్రహరీని వదలవు. మీ గోడ పగుల్లో రావి మొక్క మొలిచిందంటే దానిని ఏ గోరింకో నాటి వెళ్ళిందన్నమాట. దానిని పీకి పారేయకుండా, వానాకాలంలో వేరు తెగకుండా తీసి, ఊరి చెరువుగట్టు మీదో గుడి ఆవరణలోనో పెద్దల అనుమతితో నాటండి.

పెరట్లోకి ఒకే చెట్టు ఎంచుకోవలసి వస్తే, గోడకు కనీసం పదిహేను అడుగుల ఎడం ఉంటే నేరేడు, అంత లేకపోతే నక్కెర మంచివి. వేప ఇప్పటికే ఉంటే అదృష్టం. జూన్‌లో పసుపు పచ్చగా పండే దాని పండ్లకు గోరింకలు, కోయిలలు, పిగిలిపిట్టలు ఎగబడతాయి. సింగపూర్ చెర్రీ నాటమని చాలామంది సలహా ఇస్తారు. రెండేళ్ళు తిరగకుండానే కాపుకొచ్చి ఏడాది పొడుగునా పండ్లిచ్చే ఆ చెట్టుకు పిట్టలు వస్తాయన్నది నిజమే. అది దూర దేశపు చెట్టు, మన పురుగులకు పనికివచ్చేది తక్కువ. ఉన్నదాన్ని కొట్టవద్దు, కొత్తగా నాటడానికి గొయ్యి ఖర్చు చేయవద్దు.

అసలు శ్రద్ధ పెట్టవలసింది పొదల మీద. ప్రహరీ వెంబడి నాలుగేసి అడుగుల ఎడంతో వాక్కాయ, బలుసు, గోరింట కలిపి ఒక వరసగా వేయండి. ఒకే రకం వరసగా వేసి కత్తెరతో చదరంగా కత్తిరించిన కంచె చూడముచ్చటగా ఉన్నా అందులో పూత, కాయ నిలవవు. వాక్కాయ ముళ్ళ మధ్య కట్టిన గూటికి పిల్లి చేరలేదు. వానాకాలంలో మీరు పప్పులోకి కోసుకోగా మిగిలినవి నల్లగా పండితే పిట్టలు తింటాయి. బతికుంటే బలుసాకు తినొచ్చని మన పెద్దలు ఏ మొక్క గురించి అన్నారో ఆ బలుసునే నేటి తరంలో చాలామంది గుర్తుపట్టలేరు. ఏ పోషణా అక్కరలేని ఈ ముళ్ళపొద పసుపుపచ్చగా పండే చిన్న పండ్లనిస్తుంది, చెట్టు లేని పెరట్లో సైతం పిగిలిపిట్ట గూటికి చోటిస్తుంది. ఎండ బాగా పడే మూల ఒక రేగు ఉంటే మరీ మంచిది, ముళ్ళకు ఇంట్లోవాళ్ళు ఒప్పుకుంటే.

తేనెపిట్టల కోసం నూరువరహాలు, అడ్డసరం కిటికీ ఎదురుగా నాటండి. నర్సరీవారు చూపే, బొకేలా గుబురుగా ఉండే పొట్టి సంకర రకాల కంటే, మన పాత ఎర్రని నూరువరహాలు నిలువెత్తు పెరిగి ఎక్కువ కాలం పూస్తుంది. మామిడి కొమ్మల మీద బదనిక అనే పరాన్నమొక్క పట్టి ఉంటే రైతుకు అది చీడే గాని, దాని గొట్టాల్లాంటి పూలు తేనెపిట్టకు విందు. ఒకే ఒక కొమ్మకు పరిమితమై ఉంటే నేనైతే వదిలేస్తాను.

తీగల్లో దొండ, తిప్పతీగ చాలు. దొండపాదు మీద కొన్ని కాయలను కోయకుండా ఎర్రగా పండనివ్వండి, పిగిలిపిట్టలు వాటిని చీల్చి గుజ్జు లాగుతూ కనబడతాయి.

మొదటి వేసవిలో వారానికి రెండుసార్లు పాదు నిండా నీళ్ళు పోసి, పాదులో ఎండుటాకులు అడుగు మందాన పరచండి. రెండో ఏడాది నుంచి వీటిలో చాలావాటికి ఆ అవసరమూ తగ్గుతుంది.

ఊడ్చని మూల

పొద్దున్నే పెరడంతా ఊడ్చి కళ్ళాపి చల్లడం మన ఇళ్ళ ఆచారం, దానిని మానమని ఎవరూ అనరు. ముంగిలి, నడిచే దారి ఊడ్చుకోండి. పెరటి చివర ఆరడుగుల చదరం మాత్రం చీపురు తగలకుండా వదలండి. రాలిన ఆకులన్నీ తగలబెట్టక అక్కడ పోయండి. వానల తర్వాత ఆ ఆకుల కింద చెదలు, జెర్రులు, వానపాములు చేరతాయి, వాటికోసం ఆరేడు కలిసి తిరుగుతూ గోలచేసే బూడిదరంగు పిట్టల గుంపులు వచ్చి ఒక్కో ఆకూ తిరగేస్తాయి. తలమీద విసనకర్రలాంటి కుచ్చు ఉన్న కుకుడుగువ్వ వచ్చి పొడవాటి ముక్కుతో నేల గుచ్చుతుంది. ఆ పక్కనే కొంత గడ్డిని కోయకుండా వెన్ను వేయనిస్తే జీనువాయిలు (మునియా పిట్టలు) గింజలకోసం వచ్చి, గూటికోసం గడ్డిపోచలు కూడా పట్టుకుపోతాయి.

పాముల భయం సహజమే. ఈ మూలను ఇంటి గోడకు, వంటింటి తలుపుకు దూరంగా పెట్టండి. పాములు వచ్చేది ఎక్కువగా ఎలుకల కోసం, ఎలుకలు వచ్చేది పడి ఉన్న గింజలు, మిగులు అన్నం కోసం. వాటిని రాత్రిపూట బయట ఉంచకపోతే భయం సగం తగ్గుతుంది. ఎలుకల మందు మాత్రం వాడవద్దు. మందు తిని మత్తుగా తిరిగే ఎలుకను పట్టి తిన్న గుడ్లగూబ కూడా చస్తుంది.

వరండా మూలల్లో సాలెగూళ్ళను కొన్నయినా ఉంచండి. తేనెపిట్ట తన వేలాడే గూటిని అతికించేదీ, కుట్టుపిట్ట ఆకుల అంచులు కలిపేదీ చాలావరకు ఆ దారంతోనే.

నీళ్ళు

మొక్కలు కాపుకు రావడానికి రెండు మూడేళ్ళు పడుతుంది గాని నీళ్ళ మూకుడుకు అతిథులు వారంలోనే వస్తారు. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం ఎలా ఉంటుందో తెలిసినవారికి దీని అవసరం చెప్పనక్కరలేదు. వెడల్పాటి మట్టి మూకుడు తీసుకోండి. లోతు రెండంగుళాలు మించకూడదు, అందులో ఒక పక్కగా గరుకైన రాయి పెడితే చిన్న పిట్టలు దానిమీద నిలబడి తాగి స్నానం చేస్తాయి. మూకుడును నీడలో, పొదకు ఆరేడు అడుగుల ఎడంగా పెట్టండి. ఇంతకంటే దగ్గరైతే పిల్లి పొదలో పొంచి ఉంటుంది, దూరమైతే పిట్ట భయపడినప్పుడు చేరుకోవడానికి చోటుండదు.

నీళ్ళు రోజూ మార్చండి, రెండు రోజులకోసారి కొబ్బరిపీచుతో రుద్ది కడగండి. డెంగీ దోమ గుడ్లు పాత్ర అంచుకు అంటుకుని ఉంటాయి గనుక నీళ్ళు పారబోసినంత మాత్రాన పోవు. మూకుడు పక్కనే జానెడు వెడల్పున పొడి మట్టి వదిలితే పిచ్చుకలు అందులో పొర్లుతాయి.

గింజలు, గూళ్ళు

గింజలు పెట్టాలనే ఉంటే మన పాత పద్ధతే మేలు. కోనసీమలో, కృష్ణా గోదావరి జిల్లాల ఇళ్ళలో కోతల తర్వాత కొత్త వరి కంకులను అందంగా అల్లి కుచ్చుగా చూరుకు వేలాడదీస్తారు. పిచ్చుక ఆ కుచ్చును పట్టుకుని వేలాడుతూ తినగలదు, బరువైన పావురం అలా తినలేదు. అన్ని ప్లాస్టిక్ డబ్బాల కంటే తెలివైన ఏర్పాటు ఇది. కుచ్చు దొరకనిచోట గుప్పెడు కొర్రలో నూకలో ఉదయం ఒకసారి పెట్టి, తొమ్మిదికల్లా మిగిలింది ఎత్తివేయండి. కారప్పూస, మిక్చరు, ఉప్పు కలిపినవి పెట్టవద్దు.

పెంకుటిళ్ళ చూరులు, గోడ గూళ్ళు పోయి కాంక్రీటు వచ్చాక పిచ్చుకలకు గూడు కట్టే సందు కరువైంది. రంగు వేయని చెక్కతో ఐదంగుళాల చదరం అడుగు, ఎనిమిదంగుళాల ఎత్తు ఉన్న పెట్టె చేయించి, 32 మిల్లీమీటర్ల రంధ్రం పెట్టించండి. రంధ్రం అంతకంటే పెద్దదైతే గోరింక ఆక్రమిస్తుంది. రంధ్రం కింద వాలడానికి పుల్ల పెట్టవద్దు, అది కాకికే ఉపయోగపడుతుంది. పడమటి ఎండ తగలని గోడకు, పదడుగుల ఎత్తున, తిరిగే ఫ్యానుకు దూరంగా బిగించండి. పిచ్చుకలు ఇరుగుపొరుగుతో ఉండటానికి ఇష్టపడతాయి కాబట్టి రెండు మూడు పెట్టెలు ఉంటే మేలు.

పెరట్లో గాని పొలంగట్టున గాని ఎండిపోయిన తాటిమోడు, కొబ్బరిమోడు ఉండి, పడితే ఎవరికీ ప్రమాదం లేని చోటైతే నిలిచి ఉండనివ్వండి. తెలంగాణ రాష్ట్ర పక్షి అయిన పాలపిట్ట అలాంటి తొర్రలలోనే పిల్లలను పెడుతుంది. దసరానాడు జమ్మి పూజ తర్వాత పాలపిట్టను చూడడం శుభమని పంజరంలో పెట్టి తెచ్చేవారికి డబ్బులివ్వడం, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం నేరమన్న పనిని ప్రోత్సహించడమే అవుతుంది. చేను గట్టున తీగ మీద వాలిన పిట్టను చూసి దండం పెట్టుకుంటే ఆచారమూ నిలుస్తుంది.

వచ్చిన పిట్ట చావకుండా

పెద్ద అద్దాల కిటికీలో చెట్టు నీడ ప్రతిబింబిస్తే పిట్ట అటు ఎగిరి కొట్టుకుంటుంది. అద్దం బయటివైపు రెండంగుళాల ఎడంతో నిలువు దారాలు వేలాడదీయండి. సంక్రాంతి ముగిసిన మర్నాడు పెరట్లోని ప్రతి చెట్టునూ వెతికి చిక్కుకున్న పతంగి దారం తీసేయండి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతటా నిషేధించినా అది ఇంకా కొమ్మలకు వేలాడుతూనే ఉంది, కాళ్ళు చిక్కుకున్న పిట్ట తలకిందులుగా వేలాడి చస్తుంది.

గూడు కనబడినప్పుడు దగ్గరికి వెళ్ళి ఫోటోలు తీయకండి. కాకి మనుషులనే గమనిస్తూ ఉంటుంది, మీరు పదేపదే తొంగిచూసిన పొదను మీరు వెళ్ళగానే అది వెతుకుతుంది. గూడున్న కొమ్మను కత్తిరించే పని నెల రోజులు వాయిదా వేయండి. పిగిలిపిట్ట పిల్లలు పుట్టిన రెండు వారాల్లో, సరిగా ఎగరడం రాకముందే గూడు వదిలి నేలమీదికి దిగుతాయి. ఒంటినిండా ఈకలుండి, గెంతుతూ అరుస్తున్న పిల్ల కనబడితే అది తప్పిపోయింది కాదు. తల్లి పక్కనే ఉండి మీరు కదలడం కోసం ఎదురుచూస్తోంది. పిల్లి తిరిగే చోటైతే దానిని రెండు చేతులతో ఎత్తి దగ్గరి వాక్కాయ కొమ్మ మీద ఉంచి లోపలికి వెళ్ళిపోండి. మనిషి చేయి తగిలిన పిల్లను తల్లి వదిలేస్తుందన్న మాట నిజం కాదు, అరగంటలో నోట్లో పురుగు పట్టుకుని వచ్చి మేపుతుంది.